ఎముక చీము కేసుల లెక్క: ఒక థీసిస్ వెనక పని

"ఏడాదిలో మీ ఆసుపత్రికి ఎముక ఇన్ఫెక్షన్‌తో ఎంతమంది వస్తారు?" అని ఎవరైనా అడిగితే, రిజిస్టర్ తీసి లెక్కపెట్టి చెప్పేయొచ్చు కదా అనిపిస్తుంది. మా దగ్గర ఆ రిజిస్టర్లు మూడున్నాయి. ఎముకల వార్డు అడ్మిషన్ రిజిస్టర్ ఒక అంకె చెప్పింది. రికార్డ్ సెక్షన్ కంప్యూటర్ అందులో సగం కూడా చెప్పలేదు. ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్ ఆ రెంటికీ పొంతన లేని ఇంకో అంకె చెప్పింది. వాటిలో ఏదీ తప్పుడు లెక్క కాదు. ఒకటి బెడ్లని, ఒకటి కోడ్లని, ఇంకోటి కోతల్ని లెక్కపెడుతోంది. మనుషుల్ని లెక్కపెట్టే పుస్తకం మాత్రం ఎక్కడా లేదు. నా పీజీ థీసిస్ అంతా దాని చుట్టూనే తిరిగింది.

నేను కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేశాను. జనంలో జబ్బుల తీరు, నివారణ చూసే శాఖ అది, పాతవాళ్ళు ఇంకా ఎస్‌పీఎం అనే అంటారు. మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర పల్లెటూరు. చదివింది గోదావరి జిల్లాల్లో ఒక పెద్దాసుపత్రిలో. దాని పేరు, మా అంకెలు ఇక్కడ రాయను. పేపరు ఇంకా ప్రచురణకి వెళ్ళలేదు. పైగా ఒక్క ఆసుపత్రి అంకె బయటకొస్తే దాన్ని డెల్టా మొత్తానికి అంటగట్టేస్తారు. ఎలా లెక్కపెట్టామో, లెక్కపెడుతుంటే ఏం కనపడిందో అది చెప్తాను.

టాపిక్ విని ఎముకల విభాగం పీజీలు నవ్వారు. "లెక్కెందుకు, సెప్టిక్ వార్డుకి రా, ఎప్పుడొచ్చినా వాళ్ళే ఉంటారు" అన్నాడు ఒకడు. శుభ్రమైన ఆపరేషన్ కేసులకి అంటకుండా చీము కేసుల్ని వేరే హాల్లో పెడతారు. తలుపు దగ్గరే వాసన తెలుస్తుంది. మా గైడ్ గారికి ఈ మాట చెప్తే ఆయన నవ్వలేదు. "వాడు చెప్పింది కరెక్టే. ఎప్పుడొచ్చినా వాళ్ళే ఉంటారు. అంటే కొత్తవాళ్ళు వస్తున్నారా, పాతవాళ్ళే తిరిగొస్తున్నారా? అది తేల్చు ముందు" అన్నారు.

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే జబ్బు సంగతి కాస్త చెప్పాలి. ఎముకలోకి సూక్ష్మజీవి మూడు దారుల్లో చేరుతుంది. ఒంట్లో ఇంకెక్కడో ఉన్నది రక్తంతో వచ్చి చేరడం, ఇది పిల్లల్లో ఎక్కువ. ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చినప్పుడో, ఆపరేషన్ చేసి రాడ్డో ప్లేటో వేసినప్పుడో నేరుగా దిగడం. పక్కనే ఉన్న పుండు లోతుకి దిగి ఎముకని తాకడం, షుగర్ కాళ్ళలో జరిగేది ఇదే. ఏ దారిన వచ్చినా లోపల ఒత్తిడి పెరిగి కొంత ఎముకకి రక్తం అందడం ఆగిపోతుంది. ఆ ముక్క చచ్చిపోతుంది. దాన్నే సీక్వెస్ట్రమ్ అంటారు. రక్తం వెళ్ళని చోటికి మందూ వెళ్ళదు. ఎన్ని యాంటీబయాటిక్స్ ఇచ్చినా ఆ ముక్క పట్టుకుని క్రిములు బతికే ఉంటాయి. పైన పుండు మానినట్టే ఉంటుంది, కొన్నాళ్ళకో కొన్నేళ్ళకో మళ్ళీ రసి కారుతుంది, మనిషి మళ్ళీ చేరతాడు. జబ్బు పాతదే, అడ్మిషన్ మాత్రం కొత్తది. అలాంటి మనిషి ఏడాదిలో నాలుగుసార్లు చేరితే రిజిస్టర్‌కి నలుగురు రోగులు.

ఎథిక్స్ కమిటీ దగ్గర పెద్దగా ఇబ్బంది రాలేదు. రోగులకి ఫోన్ చేసేటప్పుడు ముందుగా అనుమతి అడగాలని, పేర్లు తీసేసి నంబర్లతోనే పని చేయాలని రాయించారు, అంతే.

అసలు తలనొప్పి కేసు అంటే ఏది అని నిర్ణయించుకోవడంలో వచ్చింది. అంతర్జాతీయ జబ్బుల పట్టిక పదో కూర్పులో ఆస్టియోమైలైటిస్‌కి, అంటే ఎముక ఇన్ఫెక్షన్‌కి, ఎం86 అని కోడ్ ఉంది. కంప్యూటర్‌లో ఎం86 కొట్టి వచ్చినవి రాసుకుంటే పని అయిపోయేది. కానీ వెన్నుపూసకి వస్తే అది ఎం46.2. కీలులో చీము పడితే ఎం00. ఎముక టీబీ అయితే ఏ18.0. వేసిన రాడ్డుకో ప్లేటుకో ఇన్ఫెక్షన్ వస్తే టీ84.6. దవడ ఎముక అయితే కే10.2, పైగా ఆ రోగి డెంటల్‌లో ఉంటాడు. 2021 లో కోవిడ్ రెండో అల తర్వాత బ్లాక్ ఫంగస్‌తో పై దవడ పోగొట్టుకున్నవాళ్ళు ఈఎన్‌టీ వార్డులో ఇంకో కోడ్ కింద ఉన్నారు. అదీ ఎముక ఇన్ఫెక్షనే. షుగర్ కాలు సర్జరీ విభాగంలో ఉంటుంది. అక్కడ డయాగ్నసిస్ గడిలో "డయాబెటిక్ ఫుట్" అనో, "సెల్యులైటిస్" అనో, "గ్యాంగ్రిన్" అనో ఉంటుంది. వేలు తీసేశారంటే లోపల ఎముక కుళ్ళిందనే అనుకోవాలి చాలాసార్లు, కానీ ఎముక మాట కాగితం మీద ఎక్కడా ఉండదు. ఆరోగ్యశ్రీ 2007 లో మొదలైనప్పటి నుంచి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, చేసిన ఆపరేషన్ పేరుతో ఇంకో కాగితం తయారవుతోంది. అందులో పుండు శుభ్రం చేయడం, చర్మం అతకడం, వేలు తీయడం అని ఉంటుంది. ఏ జబ్బుకి అనేది వెతుక్కోవాలి.

అందుకని మేం కోడ్‌ని నమ్మడం మానేసి కేస్ షీట్ చదవడం మొదలుపెట్టాం. ఎక్స్‌రేలోనో ఎంఆర్‌ఐలోనో ఎముక తిన్నట్టు ఉండాలి, లేదా ఆపరేషన్ నోట్‌లో ఎముకలో చీమో చచ్చిన ముక్కో కనపడిందని సర్జన్ రాసి ఉండాలి, లేదా ఎముక ముక్కని ల్యాబులో పెంచి చూసే కల్చర్‌ పరీక్షలో క్రిమి పెరిగి ఉండాలి. షుగర్ పుండులో లోహపు ప్రోబ్ పెడితే గట్టిగా ఎముక తగిలిందని రాసి ఉంటే దాన్ని "బహుశా" అనే గడిలో వేశాం.

రికార్డ్ సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవారు, రిటైర్మెంట్‌కి దగ్గర్లో. మొదటిరోజే చెప్పారు. "మేడమ్ గారండీ, ఆ కింద కట్టలు చేత్తో లాగకండి, తేళ్ళుంటాయండి. నాకు చెప్పండి, కర్రతో కదిపి తీస్తాను. ఆయ్." కట్టలన్నీ నెలవారీగా గుడ్డలో మూటకట్టి, పైన అట్టముక్క మీద నెల పేరు రాసి ఉండేవి. వానాకాలంలో గోడ పక్క వరుస చెమ్మెక్కి పేజీలు అతుక్కుపోయేవి. వాటిని విడదీయడానికి ఆయన ఇంటి నుంచి ఒక సన్నటి గరిటె తెచ్చారు. నా థీసిస్ ధన్యవాదాల పేజీలో గైడ్ గారి తర్వాత ఆయన పేరే ఉంటుంది.

ఒక ఫైలు సంగతి చెప్తాను. నిజానికి అది ఐదు ఫైళ్ళు. ఐదింటిలో ఇంటిపేరు మూడు రకాలుగా ఉంది. వయసు 42, 48, 45, మళ్ళీ 45, 50. అన్నీ ఏడాదిన్నర లోపలివే. ఫోన్ నంబర్లు నాలుగు, అందులో ఒకటి ఎవరో ఆటో డ్రైవర్‌ది. కుడికాలు అని ఒకచోట, ఎడమకాలు అని ఇంకోచోట. కంప్యూటర్‌కి వీళ్ళు ఐదుగురు మనుషులు. ఎక్స్‌రే ఫిల్ములు లైట్‌బాక్స్ మీద పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. పిక్క ఎముక (మోకాలి కింద ముందువైపు ఉండే టిబియా) మీద ఒకే చోట విరుపు, మొదటి ఫిల్ములో రాడ్డు, రెండోదానిలో రాడ్డు తీసేసిన గొట్టం లాంటి ఖాళీ, మూడోదానిలో ఎముకని బయటి నుంచి పట్టి ఉంచే ఫ్రేము తాలూకు పిన్నులు, వాటి మధ్య చుట్టుపక్కల ఎముక కంటే తెల్లగా మెరుస్తున్న సన్నటి ముక్క. అదే సీక్వెస్ట్రమ్. నాలుగోదానిలో ఆ ముక్క లేదు. ఐదోదానిలో కొత్త ముక్క ఉంది. హైవే మీద బండి జారి పడిన మనిషి, పక్కా ఒక్కడే. ఇలా కలపడానికి మాకు పనికొచ్చినవి పేరూ వయసూ కావు. కార్డు నంబరు, ఊరి పేరు, పాత మచ్చల వివరం, ఎక్స్‌రే. ఈ నాలుగూ పట్టుకుని కలుపుకుంటూ పోయేసరికి రోగుల అంకె దబ్బున పడిపోయింది. సెప్టిక్ వార్డులో "వాళ్ళే" ఉంటారన్న పీజీ మాట లెక్కలో కూడా నిలబడింది.

ఎవరొస్తున్నారు అంటే, డెల్టా ఎలా బతుకుతోందో అలాగే వస్తున్నారు. ఒక వరుస రోడ్డు ప్రమాదాలది. మగవాళ్ళు, పని చేసే వయసు, పిక్క ఎముక. అక్కడ ఎముక మీద కండ పలచన, చర్మం చీలితే ఎముక బయటపడుతుంది, గోదావరి మట్టి లోపలికి పోతుంది. విరుపుతో పాటు గాయం ఎంత పెద్దదో చూసి తరగతులు పెట్టే గుస్టిలో పద్ధతి 1976 నాటిది. తరగతి పెరిగే కొద్దీ ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. కొబ్బరి దింపుకి చెట్టెక్కి జారినవాళ్ళు కొందరు ఉంటారు కానీ వాళ్ళకి వెన్ను, నడుము దెబ్బలే ఎక్కువ, చీము దాకా వచ్చేది తక్కువ.

రెండో వరుస షుగర్‌ది, ఏటా పెరుగుతున్నది ఇదే అని నాకు గట్టిగా అనిపించింది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, పెద్దవాళ్ళలో 11.4 శాతమని వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళ ఇండియాబ్ సర్వే 2023 లో ప్రకటించింది. మా వైపు ఏ ఇంట్లో అడిగినా ఒకరైనా బిళ్ళలు మింగేవాళ్ళుంటారు. షుగర్ ఏళ్ళ తరబడి ఉంటే పాదంలో స్పర్శ పోతుంది. స్పర్శ లేని పాదాన్ని బురదలో, కోసిన వరి మోళ్ళ మీద, రొయ్యల చెరువు గట్టు మీద గుల్లల్లో తిప్పితే ఏమవుతుంది? ఫోన్‌లో ఒకాయనని అడిగాను, భీమవరం వైపు చెరువుల దగ్గర కాపలా ఉండే మనిషి.

"దెబ్బ ఎప్పుడు తగిలింది బాబాయ్ గారూ?"

"తగిలినట్టు తెలిస్తే కదమ్మా. మేకు చెప్పులోంచి దిగిందంట. నేను మేత వేసి, ఏరియేటర్లు చూసుకుని, సైకిల్ తొక్కుకుంటూ ఇంటికొచ్చేశాను. చెప్పు ఇప్పబోతే రాలేదు. మా ఆవిడ చూసి కేకేసింది."

"అప్పుడే ఆసుపత్రికి వెళ్ళారా?"

"లేదమ్మా. నొప్పి లేదు కదా. ఆర్‌ఎంపీ గారు టీటీ ఇంజక్షన్ చేసి కట్టు కట్టారు. పట్టుబడి అయ్యాక చూద్దాంలే అనుకున్నాం."

పట్టుబడి అంటే చెరువులో రొయ్యలు పట్టడం. అది అయ్యేసరికి బొటనవేలు నల్లబడింది. ఆయన ఫైలులో డయాగ్నసిస్ "గ్యాంగ్రిన్, కుడి బొటనవేలు". ఆపరేషన్ నోట్ చివరి వాక్యంలో మాత్రం కింది ఎముక మెత్తగా ఉందని, గీకి తీశామని ఉంది. ఆ ఒక్క వాక్యం వల్ల ఆయన మా లెక్కలోకి వచ్చాడు. ఇలాంటివాళ్ళు ఎంతమంది ఆ వాక్యం రాయకపోవడం వల్ల జారిపోయి ఉంటారో.

పిల్లల వరుస చిన్నదే. పరుగెత్తి ఆడే వయసు పిల్లాడికి మోకాలి దగ్గర నొప్పి, జ్వరం. ఎక్కడో పడ్డాడు, బెణికింది అనుకుంటారు. పసరు కట్టు కట్టిస్తారు, తోమిస్తారు. ఎక్స్‌రే తీయించినా నార్మల్ అనే వస్తుంది. ఎముకలో మార్పు ఎక్స్‌రేలో కనపడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఎంఆర్‌ఐలో ముందే తెలుస్తుంది కానీ జ్వరమొచ్చిన పిల్లాడికి ఎంఆర్‌ఐ ఎవరు రాస్తారు? ఎక్స్‌రే బాగుందని ధైర్యం చెప్పి పంపిన కేసులే తర్వాత తొడ ఎముక అంతా చీముతో మా దగ్గరికి వచ్చాయి. జ్వరంతో పాటు పిల్లాడు ఒక కాలు కదపనివ్వకపోతే ఎక్స్‌రే మీద భరోసా పెట్టుకోకూడదని నేనిప్పుడు మా చుట్టాలందరికీ చెప్తుంటాను, విసుగొచ్చేంతగా. రంపచోడవరం ఏజెన్సీ నుంచి దిగి వచ్చే పిల్లల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్నవాళ్ళుంటారు. వాళ్ళ ఎముకల్లో సాల్మొనెల్లా అనే క్రిమి పట్టడం పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. వాళ్ళు డెల్టా జనం కాకపోయినా డెల్టా ఆసుపత్రి లెక్కలో పడతారు. ఇది తర్వాత పెద్ద చిక్కయింది.

నెలల వారీగా గ్రాఫ్ గీసినప్పుడు సార్వా (వానాకాలం వరి) నాట్లప్పుడు అడ్మిషన్లు తగ్గి, కాస్త ఊపిరి తీసుకునే రోజుల్లో ఎగబాకాయి. సంక్రాంతి వారం వార్డు దాదాపు ఖాళీ. ఆ వెనకాలే రద్దీ. వానలకీ చీముకీ సంబంధం వెతుకుదామని నేను ఉత్సాహపడుతుంటే గైడ్ గారు, "ఇది జబ్బు గ్రాఫా, తీరిక గ్రాఫా?" అన్నారు. చేరిన తేదీ బదులు బాధ మొదలైన తేదీ పెట్టి మళ్ళీ గీయమన్నారు.

బాధ మొదలైన తేదీ కేస్ షీట్లో ఉండదు. "రెండు నెలలుగా" అని ఉంటుంది, అందరికీ రెండు నెలలే. అందుకే ఫోన్లు. మనవాళ్ళకి తేదీ అడిగితే చెప్పలేరు, సందర్భం అడిగితే ఠక్కున చెప్తారు. "జగ్గన్నతోట తీర్థం వెళ్ళొచ్చిన మర్నాడండి." "అంతర్వేది కళ్యాణానికి నడవలేకపోయాను, అప్పటికే ఉందండి." "వరదకి ముందు. అదే, 2022 వరద." ఒకావిడ అయితే "మా గేదె ఈనిన వారం" అంది, ఆ గేదె ఎప్పుడు ఈనిందో వాళ్ళాయనని అడిగి రాసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి పనికి మా సబ్జెక్టులో స్థానిక సంఘటనల క్యాలెండర్ అని ఒక పద్ధతే ఉంది. పండగలు, తీర్థాలు, వరదలు, కాలవలు కట్టేసిన తేదీలు, ఎలక్షన్లు అన్నీ ఒక చార్టు మీద రాసి టేబుల్ ముందు అంటించుకున్నాను. కొత్త గ్రాఫు వేరేలా వచ్చింది. సార్వా నాట్లప్పటి లోయ చాలావరకు పూడిపోయింది. ఆ రోజుల్లో కాళ్ళు బాగానే తెగుతున్నాయి, రావడమే లేదు. రెండు గ్రాఫుల మధ్య ఎడమే మా థీసిస్‌లో పనికొచ్చే బొమ్మ అని నా అభిప్రాయం. పరీక్షకులకి మాత్రం అది అంతగా పట్టలేదు, వాళ్ళకి పీ వాల్యూ కావాలి, అంటే తేడా కాకతాళీయమా కాదా అని తూచే అంకె.

ఇక లక్ష జనాభాకి ఎంతమంది అన్న లెక్క. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఓమ్‌స్టెడ్ కౌంటీ లెక్క అందరూ ఎత్తి చూపిస్తారు. 1969 నుంచి 2009 దాకా 760 కొత్త కేసులు, ఏటా లక్షకి 21.8. 1969–79 లో 11.4 ఉన్నది 2000–2009 కి 24.4 అయింది. పిల్లల్లో పెద్దగా మారలేదు, అరవై దాటినవాళ్ళలో దాదాపు మూడింతలైంది. అందులో షుగర్ వల్ల వచ్చేది 2.3 నుంచి 7.6 కి పెరిగింది. జర్మనీలో ఆసుపత్రుల జాతీయ లెక్క ప్రకారం 2008 లో లక్షకి 15.5, 2018 లో 16.7. అక్కడ ఓమ్‌స్టెడ్ వాళ్ళు ఇంత నిక్కచ్చిగా చెప్పగలగడానికి కారణం 1966 నుంచి ఆ కౌంటీ జనం ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ఆ రికార్డులన్నీ మనిషి వారీగా ఒకచోట కలిపి ఉంచే ఏర్పాటు. గుడ్డమూటల మధ్య కూచుని ఆ పేపరు చదివినప్పుడు నాకు కలిగింది అసూయే, దాచడం ఎందుకు.

సరదాకి ఒక గుణకారం చేశాను. 2022 లో ఏర్పడిన కోనసీమ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 17.19 లక్షలు. జర్మనీ రేటు వేస్తే ఏడాదికి సుమారు 287, ఓమ్‌స్టెడ్ రేటు వేస్తే సుమారు 375. ఇది మన జిల్లా అంకె ఎంతమాత్రం కాదు, అక్కడి వయసులు వేరు, ఇక్కడి వయసులు వేరు. కానీ ఏ స్థాయి సంగతి మాట్లాడుకుంటున్నామో తెలియడానికి పనికొస్తుంది.

మరి మా అంకెని జనాభాతో భాగిస్తే? ఎవరి జనాభాతో? రాజోలు, మలికిపురం వాళ్ళు చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వెళ్తారు. సఖినేటిపల్లి వాళ్ళు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వెళ్తారు. ముమ్మిడివరం వాళ్ళు ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దాటి కాకినాడ వస్తారు, యానాం ఏమో పుదుచ్చేరి కింద ఉంది. రావులపాలెం వాళ్ళకి రాజమండ్రి దగ్గర. కాస్త ఉన్నవాళ్ళు విశాఖ, హైదరాబాద్ పోతారు. ఇటు ఏజెన్సీ పిల్లలు మా దగ్గరికి వస్తారు. ఏ ఊరు ఎవరి ఖాతాలో వేయాలో మండలాల మ్యాపు మీద రంగులు వేసి చూశాం, మ్యాపు హోళీ ఆడినట్టు తయారైంది. చివరికి జనాభా రేటు ఇవ్వలేమని నేరుగా రాసేసి, మొత్తం అడ్మిషన్లలో ఎన్ని, మనుషుల్లో ఎంతమంది, ఒక్కో మనిషి సగటున ఎన్నిసార్లు అన్నవే ఇచ్చాం.

కల్చర్ రిపోర్టుల కథ ఇంకోటి. చాలా ఫైళ్ళలో "నో గ్రోత్" అనే, అంటే ఏ క్రిమీ పెరగలేదనే ఉంది. కారణం పెద్ద రహస్యం కాదు. మా దగ్గరికి వచ్చేలోపు ఆర్‌ఎంపీ గారి దగ్గర, తర్వాత టౌన్‌లో, రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ పడి ఉంటాయి. ఓమ్‌స్టెడ్‌లో 44 శాతం కేసుల్లో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి దొరికింది. మా దగ్గరా దొరికినవాటిలో అదే ముందుంది. పైన కారే రసిని దూదితో అద్ది పంపితే చర్మం మీదవి కూడా పెరుగుతాయి, లోతు నుంచి ఎముక ముక్క తీసి పంపాలి. కొన్నిట్లో "సూడోమోనాస్ జాతి" అని క్రిముల గుంపు పేరు మాత్రం రాసి వదిలేశారు. ఆ మాట చూసినప్పుడల్లా నాకు మెలియాయిడోసిస్ అనే జబ్బు గుర్తొచ్చేది. దాని క్రిమి తడినేలలో, వరి మళ్ళలో ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్ళని ఎక్కువ పడుతుంది, ఎముకలకీ కీళ్ళకీ పట్టి టీబీలా వేషం వేస్తుంది. ల్యాబుల్లో దాన్ని మామూలు సూడోమోనాస్ అనుకోవడం చాలాచోట్ల జరిగేదే. ప్రపంచంలో ఏటా 1.65 లక్షల కేసులు, 89 వేల మరణాలు ఉండొచ్చని 2016 లో ఒక అంచనా వచ్చింది. 2025 లో గుంటూరు దగ్గర తురకపాలెం మరణాల వార్తలతో ఈ పేరు మన పేపర్లలో పడింది. వరి, షుగర్, బురద మూడూ ఒక్కచోట ఉన్న డెల్టాలో దీని కోసం ప్రత్యేకంగా వెతకాలని థీసిస్ చివర సిఫారసుగా రాశాను. నా సిఫారసుల్లో నాకు నమ్మకం ఉన్నది అదొక్కటే.

వార్డులో ఎన్నాళ్ళుంటారు అన్న గడి దగ్గర ఎక్కువసేపు ఆగాను. ఎముక ఇన్ఫెక్షన్ అంటే ఆరు వారాల ఇంజక్షన్ అని పుస్తకం. ఆరు వారాలు బెడ్ మీద ఉండాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి కూలి పోవాలి. అందుకే డిశ్చార్జ్ గడిలో "లామా" అని కనపడేది, డాక్టర్ వద్దన్నా వెళ్ళిపోవడం. వరి కోతల ముందు ఇవి గుంపుగా ఉండేవి. 2019 లో బ్రిటన్ నుంచి ఓవివా అని ఒక ట్రయల్ వచ్చింది. 26 ఆసుపత్రులు, 1054 మంది. మొదటి ఆరు వారాలు ఇంజక్షన్ తీసుకున్నవాళ్ళలో ఏడాదిలో 14.6 శాతం మందికి వైద్యం ఫలించలేదు, బిళ్ళలు మింగినవాళ్ళలో 13.2 శాతం మందికి. అంటే సరైన మందు ఎంచి ఇస్తే బిళ్ళలు ఇంజక్షన్ కంటే తీసిపోలేదు. కాకపోతే సరైన మందు ఎంచాలంటే క్రిమి ఏదో తెలియాలి, మన దగ్గర "నో గ్రోత్". అక్కడ మళ్ళీ ఆర్‌ఎంపీ గారి మొదటి ఇంజక్షన్ దగ్గరికే వస్తాం. ఆయన్ని తిట్టి లాభం లేదు, రాత్రి పదింటికి లంక ఊళ్ళో తలుపు తీసేది ఆయనే.

వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ముందు అడిగింది, "డినామినేటర్ లేకుండా ఎపిడెమియాలజీ ఎలా అవుతుంది?" అని. అంటే భాగించడానికి జనాభా అంకె లేకుండా జబ్బుల లెక్కల శాస్త్రం ఎలా అవుతుందని. పంటు, వంతెనలు, యానాం అన్నీ చెప్పాను. ఆయనా కృష్ణా డెల్టా మనిషే, తల ఊపారు. ఆ తర్వాత కూడా రెండు పీ వాల్యూలు అడిగారు.

థీసిస్ పాసయ్యాక ఎముకల విభాగం వాళ్ళు అడ్మిషన్ రిజిస్టర్‌లో రెండు గడులు కొత్తగా కలిపారు. "ఇదే కాలికి ఇంతకుముందు చేరారా", "బాధ మొదలైంది ఎప్పుడు". మొన్న వెళ్ళినప్పుడు తిరగేశాను. మొదటి గడి చాలావరకు నింపుతున్నారు. రెండోదానిలో ఇంకా ఎక్కువ చోట్ల "2 నెలలు" అనే ఉంది. నైట్ డ్యూటీ నర్సు ఒకావిడ మాత్రం "అట్లతద్దికి ముందు", "దాళ్వా (రెండో పంట) ఊడ్పులప్పుడు" అని రోగి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నారు. ఇప్పుడు ఇదే టాపిక్ తీసుకున్న జూనియర్‌కి నా చార్టు ఇచ్చి, ముందు ఆవిడ డ్యూటీ రోజుల పేజీలతో మొదలుపెట్టమన్నాను.